ఐలమ్మకు భయం తెలుసు

పోయిన సెప్టెంబర్‌లో ఇదే బోర్డు మీద చాకలి ఐలమ్మ గురించి పది వాక్యాలు రాసి అంటించింది నేనే. భయమంటే ఏంటో తెలియని మనిషి అని అందులో రాశాను. అందరూ అలాగే రాస్తారు, నేనూ రాసేశాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఈసారి కొంచెం పెద్దగా రాస్తున్నాను. మేడమ్ ఒక్క పేజీలో ముగించమన్నారు, క్షమించాలి.

కారణం ఏంటంటే, ఒక సాయంత్రం కుందలహళ్ళి మెట్రో స్టేషన్‌లో దిగి ఇంటికి నడుస్తుంటే ఒకడు వెనకే వచ్చాడు. నేను ఆగితే ఆగాడు, నడిస్తే నడిచాడు. ఒళ్ళంతా జలదరించింది. మా వీధిలోకి తిరగకుండా రోడ్డు దాటి, లైట్లున్న ఒక మెడికల్ షాపులోకి వెళ్ళి, నాన్నకు ఫోన్ చేసి ఆయన బండి మీద వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. జరిగింది అంతే. మర్నాడు క్లాసులో చెబితే ఒకరిద్దరు నవ్వారు. ఐలమ్మ గురించి అంత రాసి చివరికి మందుల షాపులో దాక్కున్నావా అని. వాళ్ళు సరదాకే అన్నారు, కానీ నాకు గుచ్చుకుంది. ఐలమ్మ నా స్థానంలో ఉంటే ఏం చేసేది అని మళ్ళీ ఆమె కథంతా చదివాను. మా ఇంట్లో నాన్నది కన్నడ, అమ్మది తెలుగు. ఒనకె ఓబవ్వ నాకు నాన్న వైపు నుంచి వచ్చింది, ఐలమ్మ అమ్మ వైపు నుంచి. అమ్మమ్మది జనగామ వైపే.

ఐలమ్మ 1895లో వరంగల్ జిల్లా రాయపర్తి మండలం కృష్ణాపురంలో పుట్టింది. సెప్టెంబర్ 26న ఆమె జయంతి చేస్తారు. అమ్మానాన్నలు ఓరుగంటి మల్లమ్మ, సాయిలు. రజక కుటుంబం. పాలకుర్తికి చెందిన చిట్యాల నర్సింహకు ఇచ్చి పెళ్ళి చేశారు. కొడుకులు, ఒక కూతురు. పాలకుర్తి అంటే మన సోమనాథుడి పాలకుర్తే. పోతన బమ్మెర కూడా ఇప్పుడు ఆ మండలంలోనే ఉంది. ఆ ఇద్దరూ మన సిలబస్‌లో ఉన్నారు, ఆ మండలంలోని ఈ మూడో మనిషి మాత్రం లేదు.

అప్పుడు నిజాం పాలన. ఊళ్ళలో వెట్టి. చాకలి కుటుంబమంటే దొర గడిలో బట్టలు ఉతకాలి, చెప్పిన పనల్లా చెయ్యాలి, ఊరికి అధికారులు వస్తే వాళ్ళకూ చాకిరీ చెయ్యాలి. డబ్బులుండవు. కాదంటే దెబ్బలు. ఆ ప్రాంతమంతా విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి చేతిలో ఉండేది. 60 ఊళ్ళు, 40,000 ఎకరాలు అని పుచ్చలపల్లి సుందరయ్య తన చరిత్ర పుస్తకంలో రాశారు. అన్ని ఊళ్ళలో ప్రతి ఇంటి ముందూ ఒక కాపలావాణ్ణి పెట్టడం ఏ దొరకూ సాధ్యం కాదు. ఆ అవసరమూ లేదు. ఒక ఊళ్ళో ఒకణ్ణి కట్టేసి కొడితే చాలు, పక్క పది ఊళ్ళు తలొంచుకుని పనికి వచ్చేస్తాయి. అది కూడా భయమే. కానీ ఆ భయం మనిషికి ఏ దారీ చూపించదు. ఎటు వెళ్ళాలి, ఎవరిని పిలవాలి, ఎప్పుడు జాగ్రత్తపడాలి, ఏమీ చెప్పదు. తల వంచమని మాత్రమే చెబుతుంది.

నాకు అర్థమైనంత వరకు ఐలమ్మ ఆ భయాన్నే వదిలేసింది. రెండోదాన్ని దగ్గరే ఉంచుకుంది.

ఆమె మల్లంపల్లి మక్తేదారు దగ్గర 40 ఎకరాలు కౌలుకు తీసుకుంది. అందులో నాలుగెకరాలు వరి వేసింది. చాకలి ఆడమనిషి కౌలు రైతు కావడం ఆ రోజుల్లో ఎవరికీ మింగుడుపడే విషయం కాదు. పాలకుర్తి పట్వారీ శేషగిరిరావు తన పొలంలో ఆమె కుటుంబమంతా వచ్చి వెట్టి చెయ్యాలన్నాడు. ఆమె వెళ్ళలేదు. పట్వారీ అంటే ఊరి భూముల లెక్కలు రాసేవాడు, అతని కలంలో ఎవరి పొలం ఎవరి పేరు మీదికైనా పోవచ్చు. అతను వెళ్ళి దేశ్‌ముఖ్‌కు ఎక్కించాడు.

ఇక్కడ ఆమె చేసిన పని నేను ఇంతకుముందు ఎప్పుడూ పట్టించుకోలేదు. 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగింది, రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యారు. ఆ తర్వాత ఊరూరా సంఘాలు లేచాయి. ఐలమ్మ సంఘంలో చేరింది. మన వ్యాసాల్లో దీన్ని చైతన్యం అని ఒక్క మాటలో రాసి పక్క పేరాకు వెళ్ళిపోతాం. కానీ అప్పటి ఆమె పరిస్థితి ఒక్కసారి ఊహించండి. చుట్టూ దొర మనుషులు. లెక్కలు రాసేవాడు శత్రువు. పోలీసులు గడి మాట వింటారు. తనకున్నది భర్త, పిల్లలు. తానొక్కతే నిలబడితే నలిగిపోతానని ఆమెకు తెలిసి ఉండాలి. తెలిసింది కాబట్టే వెనకాల పదిమంది ఉండేలా చూసుకుంది. సంఘం వాళ్ళు చేతుల్లో గుత్పలు పట్టుకుని తిరిగేవాళ్ళు కాబట్టి జనం దాన్ని గుత్పల సంఘం అనేవాళ్ళు. గుత్ప అంటే దుడ్డుకర్ర. ఈ మాట నాకు అమ్మమ్మ దగ్గరే అర్థమైంది.

ఆమె సంఘంలో చేరిందని తెలిశాక దేశ్‌ముఖ్ వైపు నుంచి కేసులు వచ్చాయి. ఆమె భర్తను, కొడుకులను జైల్లో పెట్టించారు. ఆ కౌలు భూమి అసలు తనదేనని దేశ్‌ముఖ్ కోర్టుకెక్కాడు. ఐలమ్మ తరఫున సంఘం లాయర్లను పెట్టింది. తీర్పు ఆమెకే వచ్చింది. చదువు రాని ఒక చాకలి రైతు మీద కేసు వేసి 60 ఊళ్ళ దొర ఓడిపోయాడు. ఇది చదివినప్పుడు నాకు భలే సంతోషమేసింది, అందుకని ఇంకోసారి చదివాను.

కోర్టులో రానిది పొలంలో లాక్కుందామనుకున్నారు. పైరు కోతకొచ్చింది. వరి పండాక ఆగదు, ఆలస్యమైతే గింజ రాలిపోతుంది. దొరకు ఆ సంగతి బాగా తెలుసు. సుందరయ్య లెక్క ప్రకారం దేశ్‌ముఖ్ వందమంది గూండాలను, కోత కొయ్యడానికి ఇంకో వందమంది ఆడా మగా కూలీలను పంపాడు. ఇటు వైపు సంఘం వాళ్ళు 28 మంది. భీంరెడ్డి నర్సింహారెడ్డి, చకిలం యాదగిరిరావు లాంటి నాయకులు వాళ్ళలో ఉన్నారు. చేతుల్లో కర్రలు, నోట నినాదాలు. ఒక్కసారిగా మీద పడేసరికి గూండాలు పరుగు తీశారు. సంఘం వాళ్ళే పంట కోసి ధాన్యం ఐలమ్మ ఇంటికి చేర్చారు.

ఈ ఘట్టాన్ని బొమ్మల్లో వేసేటప్పుడు ఐలమ్మ ఒక్కతే కర్ర ఎత్తి నిలబడ్డట్టు వేస్తారు. పోయినసారి నేను అంటించిన బొమ్మ కూడా అదే. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ బొమ్మలో ఆ 28 మంది ఉండరు. వందమంది వచ్చే రోజున ఒక్కతే పొలానికి వెళ్ళి ఉంటే ఈ రోజు మనకు ఆమె పేరే తెలిసేది కాదేమో.

ఓబవ్వ కథ కూడా ఇలాంటిదే, ఇక్కడ చెప్పకపోతే నాన్న ఊరుకోరు. చిత్రదుర్గ కోటలో కాపలావాడి భార్య. హైదర్ అలీ సైనికులు రాతి సందులోంచి ఒక్కొక్కరే దూరి వస్తుంటే ఒనకె, అంటే మన రోకలి, పట్టుకుని ఒక్కొక్కణ్ణీ కొట్టిందని చెబుతారు. చిన్నప్పుడు స్కూల్లో ఆ వేషం వేసిన ప్రతి పిల్లా స్టేజీ మధ్యలో నిలబడి గట్టిగా అరిచేది. నేను కూడా అరిచాను. అసలు ఓబవ్వ అరిచిందని కథలో ఎక్కడా లేదు. సందు పక్కన చప్పుడు కాకుండా నిలబడింది. ఒక్కసారి ఒక్కడే రాగలిగే చోటు చూసుకుంది. గుంపంతా బయటికి వస్తే తన పని అయిపోతుందని ఆమె గుండెకు తెలుసు కదా.

మా కాలేజీలో శనివారాలు ఆత్మరక్షణ క్లాసు జరుగుతుంది. బాగుంటుంది, చెయ్యి పట్టుకుంటే విడిపించుకోవడం నాకు వచ్చేసింది. కానీ మొదటి రోజు భయాన్ని గేటు బయటే వదిలేసి రమ్మన్నారు. ఆ మాట మీద నాకు అనుమానం. పొలిటికల్ సైన్స్ చదివే స్నేహితురాలు భారతీయ న్యాయ సంహితలో 40వ సెక్షన్ చూపించింది. శరీరానికి సంబంధించిన ఆత్మరక్షణ హక్కు దెబ్బ తగిలాక మొదలవ్వదట. ప్రమాదం ఉందని సహేతుకమైన భయం కలిగిన క్షణం నుంచే మొదలవుతుంది, ఆ భయం ఉన్నంతసేపే ఉంటుంది. పాత ఐపీసీలో ఇదే 102వ సెక్షన్. చట్టం రాసినవాళ్ళు భయాన్ని గేటు బయట వదలలేదు, హక్కుకు దాన్నే గుమ్మంగా పెట్టారు. అధికారుల సాయం తీసుకునే సమయం ఉంటే ముందు అది తీసుకోవాలని కూడా చట్టంలో ఉంది. ఐలమ్మకు ఈ సెక్షన్లు తెలిసే అవకాశం లేదు. ఆమె కాలంలో సాయం అడగాల్సిన అధికారులు దొర పక్కనే కూర్చున్నారు. అయినా ఆమె ముందు కోర్టులో గెలిచింది, ఆ తర్వాతే పొలంలో కర్ర లేచింది. ఆ వరుస చూడండి.

ఇక్కడితో ఆపేస్తే సినిమా అయిపోతుంది. నిజంగా ఆ తర్వాత జరిగింది రాయడం నాకు కష్టంగా ఉంది. సంఘం నాయకులను అరెస్టు చేసి విసునూరు తీసుకెళ్ళి చిత్రహింసలు పెట్టారు. ఐలమ్మ ఇల్లు తగలబెట్టారు. ఇంట్లో ఉన్నది దోచుకున్నారు. ఆమె కూతురి మీద దారుణానికి ఒడిగట్టారు. అంటే ఆమె భయపడి ఉండాల్సినవన్నీ నిజంగా జరిగాయి. జాగ్రత్తపడినా జరిగాయి. భయం ఉంటే ప్రమాదం తప్పిపోతుందని నేను చెప్పబోవడం లేదు, ఐలమ్మ జీవితం అలా చెప్పనివ్వదు. కానీ ఆమె భూమి మాత్రం దొర చేతికి పోలేదు.

1946 జూలై 4న కడవెండిలో, దేశ్‌ముఖ్ ఇంటి ముందుగా వెళ్తున్న ఊరేగింపు మీద కాల్పులు జరిగి దొడ్డి కొమురయ్య చనిపోయాడు. అక్కడి నుంచి సాయుధ పోరాటం మొదలై 1951 అక్టోబర్ దాకా నడిచింది. ఆ పోరాటంలో ఊళ్ళలోని ఆడవాళ్ళు కారంపొడి, రోకళ్ళు, వడిసెలలు సిద్ధంగా పెట్టుకునేవాళ్ళు. అవన్నీ దూరం నుంచో, ఇంట్లో నుంచో వాడేవి. తుపాకీ ఉన్నవాడి దగ్గరికి పోకూడదని తెలిసినవాళ్ళు ఎంచుకునే సామాన్లు.

తర్వాత చాలా ఏళ్ళు ఐలమ్మ పేరు పోరాటం గురించి రాసిన మగవాళ్ళ పుస్తకాల్లో ఒకటి రెండు పేజీల్లో ఉండిపోయింది. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి వాళ్ళ నోటి వెంటే వాళ్ళ కథలు రికార్డు చేశారు. అందులో ఐలమ్మ కూడా ఉంది. ఆ పుస్తకం పేరు మనకు తెలియని మన చరిత్ర, 1986లో వచ్చింది. ఆమె 1985 సెప్టెంబర్ 10న చనిపోయింది. అచ్చయిన పుస్తకాన్ని ఆమె చేతిలో పెట్టే అవకాశం ఎవరికీ లేకపోయింది.

2024లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టింది. అది మొన్నటిదాకా కోఠి ఉమెన్స్ కాలేజీ. ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంట్ ఉన్న భవనం, ముందు పెద్ద పెద్ద స్తంభాలు ఉంటాయి. మా అత్త అక్కడే డిగ్రీ చదివింది. ఇప్పుడు అక్కడ చదివే అమ్మాయిల సర్టిఫికెట్ల మీద ఐలమ్మ పేరు ఉంటుంది.

నా పాత కాగితం బోర్డు ఎడమ మూలలో ఇంకా అంటుకునే ఉంది, ఒక పిన్ను ఊడిపోయింది. ఎవరైనా ఇది చదివాక దాన్ని తీసేస్తే నాకేమీ బాధ లేదు. బొమ్మ మాత్రం పారెయ్యకండి, దాని వెనకాల ఇంకో 28 మందిని నేను పెన్సిల్‌తో గీస్తున్నాను. పదకొండు మంది అయ్యారు.