ట్యాంక్‌బండ్ మీద విగ్రహం లేని మహనీయుడు: హజ్రత్ హుస్సేన్ షా వలీ

హైదరాబాద్‌లో విగ్రహాలు అనగానే ముందు గుర్తొచ్చేది ట్యాంక్‌బండ్. 1980ల్లో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆ కట్ట మీద తెలుగు నేలకు చెందిన ప్రముఖుల కంచు విగ్రహాలు వరుసగా నిలబెట్టారు. వారిలో గోల్కొండ చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానీషా ఉన్నారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఉన్నారు. కార్మికుల కవి మఖ్దూం మొహియుద్దీన్ కూడా ఉన్నారు. 1992 డిసెంబర్‌లో చెరువు మధ్యన ఏకశిలా బుద్ధ విగ్రహం కూడా వచ్చింది. ఇంతమంది కొలువైన ఆ కట్టను కట్టించిన పెద్దమనిషికి మాత్రం అక్కడ విగ్రహం లేదు. కానీ ఆయన పేరు పలకని హైదరాబాదీ ఉండడు. ఆ చెరువు పేరే హుస్సేన్ సాగర్.

హజ్రత్ హుస్సేన్ షా వలీ గుల్బర్గాలో వెలసిన ఖ్వాజా బందే నవాజ్ గేసూ దరాజ్ వంశానికి చెందినవారని చెబుతారు. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో ఆయన గోల్కొండ చేరుకున్నారు. ఈ ఇబ్రహీం సుల్తాన్ సామాన్యుడు కాదు. అన్న జంషీద్‌కు భయపడి విజయనగరం వెళ్లి, అళియ రామరాయల దగ్గర దాదాపు ఏడేళ్లు తలదాచుకున్నాడు. 1550లో తిరిగొచ్చి గద్దెనెక్కి, 1580 దాకా పాలించాడు. తెలుగు మీద మక్కువ పెంచుకుని కవులను ఆదరించాడు. ఆ కవులు ఆయన్ని మల్కిభరాముడు అని ప్రేమగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చింది ఈ సుల్తాన్‌కే.

అలాంటి దర్బారులో హుస్సేన్ షా వలీకి మంచి గౌరవం దక్కింది. ఆయన దీన్‌దారీ చూసి సుల్తాన్ తన కూతుర్నిచ్చి నికాహ్ చేశాడని చరిత్రకారులు రాశారు. సూఫీ అంటే లోకం వదిలేసి మూల కూర్చునేవాడని చాలామంది అనుకుంటారు. ఈయన అలా కాదు. కట్టడాల పని బాగా తెలిసిన మనిషి. సుల్తాన్ తలపెట్టిన నిర్మాణాల బాధ్యత అల్లుడి చేతుల్లోకి వచ్చింది.

వాటిలో అన్నిటికన్నా పెద్దది చెరువు పని. అప్పటికి హైదరాబాద్ నగరం లేదు. చార్మినార్ లేదు. 1562 ప్రాంతంలో, అంటే నగరం పుట్టడానికి దాదాపు 30 ఏళ్ల ముందు, మూసీలో కలిసే ఒక వాగుకు అడ్డంగా కట్ట లేచింది. వాగు నీళ్లు ఒక్కటే సరిపోవని పడమటి నుంచి ఒక కాలువ కూడా తెచ్చారు. అదే బుల్కాపూర్ కాలువ. శంకర్‌పల్లి వైపు నుంచి నార్సింగి, మణికొండ ప్రాంతాల మీదుగా నీళ్లు చెరువుకు చేరేవి. పంపులు, మోటార్లు లేని రోజుల్లో, నేల వాలును మాత్రమే నమ్ముకుని అంత దూరం నీళ్లు నడిపించారు. కాకతీయుల నాటి నుంచి చెరువులు తవ్విన ఈ నేల మీద ఆ విద్య తెలిసిన చేతులకు కొదవ లేదు. వాళ్లందరినీ కూడగట్టి పని నడిపించడమే హుస్సేన్ షా వలీ గొప్పతనం.

చెరువు పేరు గురించి ఒక కథ తరతరాలుగా చెప్పుకుంటారు. సుల్తాన్ తన పేరు మీద ఇబ్రహీం సాగర్ అని పిలవాలనుకున్నాడట. పని చేయించింది ఎవరో కళ్లారా చూసిన కూలీలు, జనం మాత్రం హుస్సేన్ సాగర్ అనే పిలిచారు. సుల్తాన్ కోపగించుకోకుండా, మరోచోట తన పేరున ఇంకో చెరువు తవ్వించుకున్నాడట. అదే ఇబ్రహీంపట్నం చెరువు అంటారు. కథలో నిజమెంతైనా, జనం ఎవరి పేరు నిలబెట్టారో మనకు తెలుసు.

1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చేదాకా నగరం దాహం తీర్చడంలో ఈ చెరువుదే పెద్ద వాటా. 1806లో చెరువుకు ఉత్తరాన సికింద్రాబాద్ వెలిశాక, రెండు పట్నాలను కలిపే దారి కూడా ఈ కట్టే అయింది. నీళ్లు తాగించడాన్ని గొప్ప సదఖాగా భావించే సమాజానికి ఇంతకంటే పెద్ద సదఖా జారియా ఏముంటుంది? వలీలకు విగ్రహాలు పెట్టడం మన పద్ధతి కాదు. చేసిన పనే వాళ్లకు నిశానీ.

హజ్రత్ దర్గా షేక్‌పేట దాటాక, గచ్చిబౌలి వెళ్లే పాత ముంబై రోడ్డు దగ్గర ఉంది. ఒకప్పుడు చుట్టూ బండలు, పొలాలు. ఇప్పుడు అద్దాల మేడలు. ఐటీ రాకతో ఆ భూముల ధర ఆకాశానికంటింది, పేచీ కూడా మొదలైంది. మణికొండలో 1,654 ఎకరాలు దర్గాకు చెందినవని 2006లో వక్ఫ్ బోర్డు ప్రకటన ఇచ్చింది. అప్పటికే ప్రభుత్వం అందులో చాలా భాగం కంపెనీలకు, విద్యాసంస్థలకు, ఆకాశహర్మ్యాలకు కేటాయించింది. 2012లో హైకోర్టు వక్ఫ్ బోర్డు వైపు నిలిచింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి, ఆ భూమి రాష్ట్ర ప్రభుత్వానిదేనని తేల్చింది. దర్గా మాత్రం దర్గాగానే ఉంది. అన్ని మతాల వాళ్లూ జియారత్‌కు వస్తూనే ఉన్నారు.

భూమి సంగతి కోర్టులో తేలింది. నీళ్ల సంగతి ఇంకా తేలలేదు. బుల్కాపూర్ కాలువ చాలాచోట్ల ఇళ్ల కిందకు, రోడ్ల కిందకు పోయింది. మంచినీళ్లు మోసిన దారిలో మురుగు పారుతోంది. తాగేందుకు కట్టిన చెరువు దగ్గర ముక్కు మూసుకునే రోజులూ చూస్తున్నాం. వాన గట్టిగా పడితే దారి దొరకని నీళ్లు కాలనీల్లోకి వస్తున్నాయి. నాలుగున్నర శతాబ్దాల కిందట నీళ్లు ఎటు పోతాయో చూసి కట్ట కట్టిన మనిషి సమాధి చుట్టూ, నీళ్లు ఎటు పోతాయో చూడకుండా మేడలు కట్టుకున్నాం. ఆయనకు ఫాతెహా చదివి వచ్చే ప్రతి కుటుంబం పిల్లలకు ఆ కాలువ కథ కూడా చెప్పాలి. కట్ట మీద కొత్త విగ్రహం రాకపోయినా ఫర్వాలేదు, ఆ కాలువలో మళ్లీ మంచినీళ్లు పారితే చాలు.