సముద్రపు ముఅల్లిమ్ – అహ్మద్ ఇబ్న్ మాజిద్

ఉర్దూ తెలిసిన మన విద్యార్థులకు ‘ముఅల్లిమ్’ అంటే ఉపాధ్యాయుడు. అయితే అయిదు వందల ఏళ్ల క్రిందట హిందూ మహాసముద్రంలో తిరిగిన అరబ్బు ఓడలలో ఆ పేరు బడిపంతులుది కాదు. నక్షత్రాలను చూచి ఓడకు దారి నిర్ణయించే నావికునిది. అటువంటి ముఅల్లిములలో అగ్రగణ్యుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్. తాను నేర్చినది ఇతర నావికులకు నేర్పాలని జీవితాంతం తపించినవాడు కనుక, ఆ మాటకు గల రెండర్థాలూ ఆయన విషయంలో సార్థకమైనాయి.

15వ శతాబ్ది పూర్వార్ధంలో ఆయన జుల్ఫార్ అనే రేవు పట్టణంలో జన్మించాడు. అది నేటి ఐక్య అరబ్బు ఎమిరేట్లలోని రస్ అల్ ఖైమా ప్రాంతం. తాత, తండ్రి ఇద్దరూ ముఅల్లిములే. పగడపు దిబ్బలతో నిండి ఓడలకు మృత్యుముఖమైన ఎర్ర సముద్రాన్ని వారు క్షుణ్ణంగా ఎరుగుదురు. తండ్రి ఆ సముద్రపు దారులను గురించి వెయ్యికి పైగా పద్యపాదాలు గల గ్రంథమొకటి రచించాడు. తాత చెప్పినదానిని తండ్రి తన అనుభవంతో సరిచూచుకొన్నాడు. తండ్రి చెప్పినదానిని కొడుకు సరిచూచుకొన్నాడు. పెద్దలను గౌరవించడం వేరు, వారి లెక్కను పరీక్షించకుండా ఓడను రాళ్లమీదికి తోలడం వేరు అన్న వివేకం ఆ ఇంటిలో ఉండేది.

1462లో ఇబ్న్ మాజిద్ ‘హావియా’ అనే పద్యగ్రంథాన్ని పూర్తిచేశాడు. ఆయన రచనలు సుమారు నలభై. వాటిలో అత్యధికం పద్యాలే. శాస్త్రవిషయానికి పద్యమెందుకని మన సైన్సు విద్యార్థులు అడుగవచ్చును. ఊగిసలాడే ఓడమీద, అర్ధరాత్రివేళ, దీపం వెలిగించి పుస్తకం తిరగవేయడం కుదిరే పని కాదు. మన పెద్దలు ఎక్కాలను రాగంతో వల్లెవేసినట్లు, ఆ నావికుడు దారిని వల్లెవేయవలసిందే. కవిత్వంగా ఆ పద్యాలకు గొప్ప స్థానమివ్వలేము గాని, ప్రాణాలు నిలిపిన పద్యాలుగా వాటికి సాటి వచ్చేవి తక్కువ.

ఆయన మహాగ్రంథం మాత్రం వచనంలో ఉన్నది. ‘కితాబ్ అల్ ఫవాయిద్’ అనే ఆ గ్రంథం సుమారు 1490లో వెలసింది. పన్నెండు ప్రకరణాలు. అయస్కాంతపు సూది, చంద్రుని ఇరువది ఎనిమిది నక్షత్ర స్థానాలు, దిక్సూచిలోని ముప్పది రెండు దిశలు, రేవుల అక్షాంశాలు, తీరం సమీపిస్తున్నదని తెలిపే పక్షులు, కొండల ఆకృతులు—అన్నీ అందులో చోటు చేసుకొన్నాయి.

వీటిలో అక్షాంశాన్ని కొలిచే పద్ధతి కొంచెం వివరించదగినది. ఒక చిన్న చెక్కపలక, దాని నడుమనుండి ముడులు వేసిన త్రాడు: ఇంతే పరికరం. దీనికి ‘కమాల్’ అని పేరు. త్రాటిని పంటితో పట్టి, పలక అడుగు అంచును సముద్రపు అంచుకు, పై అంచును ధ్రువనక్షత్రానికి ఆనిస్తే, ఏ ముడి వద్ద కుదిరినదో దానినిబట్టి ధ్రువుని ఎత్తు తెలుస్తుంది. ఆ ఎత్తును వారు ‘ఇస్బా’లలో, అనగా వ్రేళ్లలో లెక్కించేవారు. మన అంగుళం కూడా పుట్టుకలో వ్రేలి వెడల్పే కదా! ఒక ఇస్బా డిగ్రీన్నర కంటె కొంచెం ఎక్కువ. చేరదలచిన రేవు ఎత్తు వచ్చేవరకు ఉత్తర దక్షిణాలలో సాగి, ఆ పైన ఎత్తు మారకుండా తూర్పుకో పడమటికో తిరిగితే రేవు ఎదురవుతుంది. అయితే ఆ కాలంలో ధ్రువనక్షత్రం నిజమైన ధ్రువబిందువుకు సుమారు మూడున్నర డిగ్రీల దూరంలో ఉండేది. ఆ తేడాను ఇతర నక్షత్రాల సాయంతో దిద్దుకొనలేనివాడు ముఅల్లిమ్ కానేకాడు.

కాలం విషయంలో ఇబ్న్ మాజిద్ ఇంకా కఠినుడు. గాలులు అదను తప్పనివ్వవు. అరబ్బీలో అదనుకు ‘మౌసిమ్’ అని పేరు. మన ఉర్దూ ‘మౌసమ్’, ఇంగ్లీషువారి ‘మాన్‌సూన్’ దాని సంతానమే. నౌరోజు పండుగ మొదలు రోజులు లెక్కపెట్టి, ఏ రేవునుండి ఏ రోజు దాటిన తరువాత బయలుదేరరాదో ఆయన నిర్దేశించాడు. ఓడ నీటిలోకి దిగకముందే దానిని పరీక్షించి లోపాలను వ్రాసి ఉంచుకొమ్మని కూడా సాటి నావికులకు ఉపదేశించాడు.

వినయం ఆయన సుగుణాలలో ఒకటి కాదు. పూర్వపు నావికశాస్త్రకర్తలు మువ్వురిని సింహాలుగా కీర్తించి, నాల్గవ సింహం తానేనన్నాడు. వారు విని వ్రాసినవారు, తాను చూచి వ్రాసినవాడు అని ఆయన అభిప్రాయం.

ఇక ఆయన పేరును వెంటాడిన అపవాదు. 1498 ఏప్రిల్ 24న వాస్కో డ గామా ఆఫ్రికా తీరంలోని మలిందీ నుండి ఒక స్థానిక మార్గదర్శకుని సాయంతో బయలుదేరి, మే నెలలో కాలికట్ చేరాడు. ఆ మార్గదర్శకుడు ఇబ్న్ మాజిదేననీ, మత్తులో దారి చెప్పివేశాడనీ 16వ శతాబ్దిలో మక్కాలో నివసించిన చరిత్రకారుడు కుత్బుద్దీన్ నహ్రవాలీ వ్రాశాడు. 1920వ దశకంలో ఫ్రెంచి పండితుడు గాబ్రియేల్ ఫెర్రాన్ దీనిని సమర్థించడంతో కథ లోకమంతటా వ్యాపించింది. కాని పోర్చుగీసు చరిత్రకారులు ఆ వ్యక్తిని గుజరాతువాడన్నారు. ‘మలేమో కనక’ అని పేర్కొన్నారు. ‘మలేమో’ అంటే ముఅల్లిమే. ‘కనక’ను ‘గణక’కు మారురూపంగా పండితులు గ్రహించారు. సగం అరబ్బీ, సగం సంస్కృతం అయిన ఈ పేరు ఒక మనిషిది కాదు, ఒక వృత్తిది! పైగా మలిందీ నుండి మలబారుకు దారి రహస్యమేమీ కాదు; ప్రతి సంవత్సరం వర్తకుల ఓడలు నడిచినదే. ఒక వృద్ధుని మత్తుమీద ఒక యుగం పతనాన్ని మోపడం కథకు సులువు, చరిత్రకు కాదు. తరువాతి పరిశోధకులు పలువురు ఈ కథను త్రోసిపుచ్చారు.

తేదీ తెలిసిన ఆయన చివరి పద్యరచన 1500 ప్రాంతానిది. 1554లో తుర్కీ నౌకాధిపతి సీదీ అలీ రయీస్ అహమ్మదాబాదులో కూర్చుండి వ్రాసిన ‘ముహీత్’కు ఇబ్న్ మాజిద్ గ్రంథాలు ఆధారమైనాయి. తరువాత పుస్తకాలు మరుగునపడినా పేరు నిలిచింది. 1854లో ఆంగ్ల యాత్రికుడు రిచర్డ్ బర్టన్ ఏడెన్ రేవులో ఓడ ఎక్కినప్పుడు, నావికులు తెరచాప ఎత్తి, దిక్సూచిని కనిపెట్టినవాడని తాము నమ్మే షేక్ మాజిద్ పేర ఫాతిహా చదివారు. దిక్సూచి అంతకు ఎంతో పూర్వమే ఉన్నది. ఆ సంగతి ఆ సరంగులకు ఎవరూ చెప్పలేదు.