డ్రిల్లు మాస్టార్లకు మాస్టారు

మీ అబ్బాయి లేదా అమ్మాయి టైమ్‌టేబుల్ ఒకసారి తీసి చూడండి. వారంలో ఎక్కడో ఒకచోట ‘గేమ్స్’ అని రాసి ఉంటుంది. పరీక్షలు దగ్గరపడితే అందరి కన్నూ ముందుగా పడేది దాని మీదే. లెక్కల్లో రెండు చాప్టర్లు మిగిలిపోయాయి, సైన్స్ రివిజన్ కాలేదు, కనుక ఈ వారానికి గేమ్స్ వద్దు. పేరెంట్స్ మీటింగ్‌లో మీలో కొందరు ఇదే అడుగుతుంటారు. ఇంకొందరేమో పిల్లాడు జిల్లా టీముకు సెలెక్ట్ అయ్యాడు, పంపాలా మానాలా అని రాత్రంతా ఆలోచించి వస్తారు. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. వాటి మీద ఎటూ తీర్పు చెప్పకుండా, ఆ పీరియడ్ మన బళ్లలోకి ఎలా వచ్చిందో ఈ నెల మీకు చెబుతాం. అది చెప్పాలంటే హారీ క్రో బక్ అనే అమెరికా ఆయన కథ చెప్పాలి.

వ్యాయామ విద్య చదివినవాళ్లందరికీ ఈ పేరు తెలుసు. మన దేశంలో ఆ చదువుకు ఆయనే పితామహుడని వాళ్లు పాఠంగానే చదువుకుంటారు. మనకు మాత్రం, నెల్లూరు వాళ్లకు బక్ అనగానే బకింగ్‌హామ్ కాలువ గుర్తొస్తుంది! దానికీ ఈయనకూ చుట్టరికం ఏమీ లేదు. ఆ కాలువకు మద్రాసు గవర్నర్‌గా పనిచేసిన బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టారు. అయితే ఒక పోలిక ఉంది. పెద్దగంజాం నుంచి మన తీరం వెంబడి ఆ కాలువ మద్రాసుకు ఎలా వెళ్లేదో, అప్పట్లో మన చదువులూ ఉద్యోగాలూ అలాగే మద్రాసు వైపే సాగేవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా నెల్లూరు మద్రాసులో భాగమే. కాబట్టి మద్రాసులో బడిపంతుళ్ల చదువు మారితే ఆ మార్పు కావలికీ గూడూరుకూ రావలసిందే.

బక్ 1884లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టారు. చదివింది మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న వై.ఎం.సి.ఎ. శిక్షణ కళాశాలలో. ఆ ఊరి సంగతి కొంచెం చెప్పుకోవాలి. మీ పిల్లలు ఆడే బాస్కెట్‌బాల్ 1891 డిసెంబరులో అక్కడే పుట్టింది. చలికాలంలో బయట ఆడలేక గదిలో విసుగెత్తిపోతున్న 18 మంది విద్యార్థుల కోసం జేమ్స్ నైస్మిత్ అనే అధ్యాపకుడు రెండు పళ్ల బుట్టలు గోడకు కొట్టించి, 13 నియమాలు రాసి ఆ ఆట కనిపెట్టారు. నైస్మిత్ చదివింది క్రైస్తవ వేదాంతం. చర్చిలో ప్రసంగం చేసే మనిషికి ఆటస్థలంలో ఏం పని అని అప్పట్లో చాలామంది ముఖం చిట్లించారు. యువకులకు మంచి చేయాలంటే వాళ్లు ఉన్నచోటికే వెళ్లాలి, వాళ్లు ఎక్కువగా ఉండేది ఆటస్థలంలోనే కదా అన్నది ఆయన ఆలోచన. నాలుగేళ్లకే, 1895లో, పక్కనే ఉన్న హోలియోక్ ఊళ్లో విలియం మోర్గాన్ వాలీబాల్ కనిపెట్టారు. ఆయనా స్ప్రింగ్‌ఫీల్డ్ విద్యార్థే. మైపాడు ఇసుకలో సాయంత్రం పిల్లలు ఆడే ఆటకు అదీ పుట్టిల్లు.

వై.ఎం.సి.ఎ. అనేది చర్చి కాదు. 1844లో లండన్‌లో బట్టల దుకాణంలో పనిచేసే కుర్రాళ్లు మొదలుపెట్టిన సంఘం. ఇక్కడి పరిస్థితి చూస్తే దాని ప్రత్యేకత అర్థమవుతుంది. మన నెల్లూరుకు 1840లో వచ్చింది అమెరికన్ బాప్టిస్టులు. ఆ తర్వాత రామాయపట్నంలో సముద్రం దగ్గరే వాళ్ల సెమినరీ వెలిసింది. గుంటూరులో లూథరన్లు, మచిలీపట్నంలో ఇంగ్లండు చర్చి వాళ్లు. ఎవరి మిషన్ వాళ్లది, ఎవరి బడి వాళ్లది, ఎవరి నిధులు వాళ్లవి. కొన్ని పనులు మాత్రం ఒక్కరి వల్ల అయ్యేవి కావని వాళ్లకు మెల్లగా తెలిసొచ్చింది. 1915లో మద్రాసులో విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ పెట్టడానికి అమెరికా, బ్రిటన్ దేశాల మిషన్లు అనేకం కలిసి చేయి వేశాయి. ఆటల విషయంలో ఆ కలయికకు వేదిక అయింది వై.ఎం.సి.ఎ. ఏ మిషన్‌కూ చెందనిది కనుక ఏ మిషన్ కాలేజీకైనా పనికొచ్చేది.

1919లో బక్ మద్రాసులో దిగారు. మరుసటి ఏడాదే, 1920లో, ఎస్ప్లనేడ్‌లో హైకోర్టుకు ఎదురుగా ఉన్న వై.ఎం.సి.ఎ. ఎర్రరాతి భవనంలో వ్యాయామ శిక్షణ పాఠశాల తెరిచారు. మన దేశంలో వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేయడానికి పుట్టిన తొలి సంస్థ అది.

ఎందుకంత తొందర? అప్పటి బళ్లలో ఆట అంటే డ్రిల్లు. చాలాచోట్ల పట్టాళం నుంచి రిటైరైన హవల్దారు ఒకాయన పిల్లల్ని వరుసలో నిలబెట్టి కుడి, ఎడమ తిప్పేవారు. కాలేజీలో కాస్త పొడుగ్గా, బలంగా ఉన్న పదకొండు మంది క్రికెట్టో ఫుట్‌బాలో ఆడితే మిగతా వందల మంది గట్టు మీద కూర్చుని చూసేవారు. ఆటలు నేర్పడానికి చదువు అవసరమని ఎవరికీ తోచలేదు. లెక్కల మాస్టారికి శిక్షణ కావాలి, తెలుగు పండితులకు పట్టా కావాలి, డ్రిల్లు మాస్టారికి మాత్రం మీసం ఉంటే చాలు! బక్ ఈ లెక్కనే మార్చాలనుకున్నారు. ఆయన స్కూల్లో చేరినవాళ్లు శరీర నిర్మాణం చదవాలి, ఆరోగ్యశాస్త్రం చదవాలి, పిల్లల మనస్తత్వం తెలుసుకోవాలి, ఆ తర్వాతే విజిల్ పట్టుకోవాలి.

చేరడానికి మతం అడ్డు కాలేదు. సంస్థ క్రైస్తవులదే అయినా హిందువులు, ముస్లింలు కూడా అక్కడ చదువుకుని పంతుళ్లయ్యారు. పై దేశం నుంచి వచ్చినవాడు కనుక పై దేశపు ఆటలే గొప్పవని బక్ అనుకోలేదు. దండాలు, బస్కీలు, దేశవాళీ ఆటలు కూడా శిక్షణలో చేరాయి. ఆ కళాశాల నుంచి 1929లో మొదలైన పత్రిక పేరు ‘వ్యాయామ్’. ఆ పేరు ఎంచుకోవడంలోనే మనిషి స్వభావం తెలుస్తుంది.

ఆయన చేసిన పనులన్నిటిలోకీ నాకు గొప్పగా అనిపించేది మాత్రం ఎవరూ అంతగా చెప్పుకోనిది. వివిధ ఆటల నియమాలను ఒకచోట చేర్చి పుస్తకంగా వేశారు. ఇందులో ఏముంది అనుకోకండి. చెడుగుడు ఒక ఊళ్లో ఒకలా, పక్క ఊళ్లో ఇంకోలా ఆడేవారు. కోర్టు పొడవెంత, జట్టుకు ఎందరు, అవుటంటే ఏమిటి, వీటి మీద ఒప్పందం లేకపోతే కావలి జట్టు నెల్లూరు వచ్చి ఆడలేదు. ఆడినా చివరకు తేలేది గెలుపోటములు కాదు, తగవే. నేలమీద సున్నంతో గీసిన ఒక గీత, దాన్ని అందరూ ఒప్పుకునే ఒక పుస్తకం ఉంటేనే పిల్లవాడు తన వీధి దాటి ఆడగలడు. మీ పిల్లలు స్కూల్ గేమ్స్‌లో మండలం, జిల్లా, రాష్ట్రం దాటి వెళ్లగలుగుతున్నారంటే దాని వెనక ఇలాంటి పని చేసిన కొందరున్నారు.

1924లో పారిస్ ఒలింపిక్స్ జరిగాయి. ఢిల్లీలో పోటీలు పెట్టి ఎంపిక చేసిన మన అథ్లెట్లకు మేనేజరుగా వెళ్లింది బక్. పతకాలు రాలేదు. లాంగ్‌జంప్ చేసిన దలీప్ సింగ్ వంటి వాళ్లు మంచి మైదానం, మంచి శిక్షణ ఉన్న దేశాలవాళ్ల పక్కన మొదటిసారి నిలబడ్డారు, అంతే. అదే ఒలింపిక్స్‌లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ విద్యార్థి ఎరిక్ లిడెల్ సంగతి మీలో కొందరు సినిమాలో చూసే ఉంటారు. 100 మీటర్ల హీట్స్ ఆదివారం వచ్చాయని, అది తనకు ప్రార్థన రోజని ఆయన ఆ పరుగు వదులుకున్నారు. జులై 11న 400 మీటర్లు 47.6 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం తెచ్చుకున్నారు. సినిమా అక్కడితో ఆగిపోతుంది. మరుసటి సంవత్సరమే ఆయన చైనా వెళ్లి ఒక బడిలో సైన్స్ టీచరుగా చేరారు, ఆటలూ నేర్పారు. యుద్ధకాలంలో జపాన్ వాళ్ల నిర్బంధ శిబిరంలో పడ్డారు. అక్కడి పిల్లలు ఆదివారం హాకీ ఆడుతూ కొట్టుకుంటున్నారని తెలిసి, ఒకప్పుడు ఆదివారమని ఒలింపిక్ పరుగు వదులుకున్న మనిషే ఆదివారం నాడు వాళ్లకు రిఫరీగా నిలబడ్డారు. 1945 ఫిబ్రవరిలో ఆ శిబిరంలోనే కన్నుమూశారు. బక్, లిడెల్ ఒకరినొకరు ఎరుగుదురో లేదో కానీ ఇద్దరి బతుకూ ఒకే దారిన నడిచింది. ఆటను పతకం దగ్గర ఆపకుండా పిల్లల దగ్గరకు తీసుకుపోయారు.

పారిస్ నుంచి వచ్చాక బక్‌కు ఇంకో పని పడింది. 1927లో దొరాబ్జీ టాటా అధ్యక్షులుగా భారత ఒలింపిక్ సంఘం ఏర్పడింది. కార్యదర్శి వై.ఎం.సి.ఎ. డాక్టరు నోరెన్. ఆయనతో కలిసి బక్ రాష్ట్రాలు తిరిగి ఎక్కడికక్కడ ఒలింపిక్ సంఘాలు పెట్టించారు. టాటా పారిశ్రామికవేత్త, పార్శీ. వీళ్లిద్దరూ క్రైస్తవ సేవకులు. ఆడవలసిన కుర్రాళ్లలో హిందువులు, సిక్కులు, ముస్లింలు, ఆంగ్లో ఇండియన్లు. ఇన్ని రకాల మనుషులు ఆ రోజుల్లో ఇంకే బల్ల చుట్టూనైనా కూర్చున్నారా అంటే చెప్పడం కష్టం.

1930ల మొదట్లో కళాశాల ఎస్ప్లనేడ్ ఇరుకు నుంచి సైదాపేట దగ్గర అడయారు నది ఒడ్డున ఉన్న విశాలమైన స్థలానికి మారింది. చెట్లు, మైదానాలు, హాస్టళ్లు అన్నీ ఒకచోట. మద్రాసు ప్రభుత్వానికి వ్యాయామ విద్యలో సలహాలిస్తూనే బక్ ఆ మైదానంలో బ్యాచ్ తరువాత బ్యాచ్‌ని తయారుచేశారు. వాళ్లు మిషన్ బళ్లకూ, బోర్డు హైస్కూళ్లకూ, కాలేజీలకూ వెళ్లారు. ‘డ్రిల్లు మాస్టారు’ మెల్లగా ‘పి.ఇ.టి. సారు’ అయ్యారు. పేరు మారినంత సులువుగా గౌరవం మారలేదనుకోండి. స్టాఫ్ రూములో ఆయన కుర్చీ ఇప్పటికీ చాలాచోట్ల తలుపు పక్కనే ఉంటుంది.

స్వదేశానికి వెళ్లి సుఖంగా ఉండే వయసు వచ్చినా బక్ వెళ్లలేదు. 1943లో మద్రాసులోనే పోయారు. అప్పటికి ఆయన ఇక్కడికి వచ్చి 24 ఏళ్లు.

నెల్లూరు నుంచి చెన్నైకి ఆస్పత్రి పనుల మీదో షాపింగ్‌కో మీలో చాలామంది వెళ్తుంటారు. అన్నా సాలై మీద నందనం దగ్గరకు వచ్చినప్పుడు వై.ఎం.సి.ఎ. బోర్డు కనిపిస్తుంది. పుస్తక ప్రదర్శనలు జరిగే మైదానంగా ఇప్పుడు దానికి ఎక్కువ పేరు. బక్ కట్టిన కళాశాల అదే. ఇప్పటికీ నడుస్తోంది. ఈసారి పిల్లలు వెంట ఉంటే కారు ఒక పది నిమిషాలు ఆపి, వాళ్లను లోపల చెట్ల కింద కాసేపు పరుగెత్తనివ్వండి.