విద్యాసారథి కట్టమంచి

చెరకు తోటలకు, బెల్లానికి పేరుగాంచిన చోడవరం, 2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి ప్రస్తుతం అనకాపల్లి జిల్లాలో చేరిన పట్టణం. ఇక్కడి నుండి విశాఖపట్నం సుమారు 50 కిలోమీటర్లు. ఉన్నత విద్యను అభ్యసించదలచిన ఈ ప్రాంతపు విద్యార్థి నేడు ఉదయం బయలుదేరి విశ్వవిద్యాలయం చూసి సాయంత్రానికి ఇల్లు చేరగలడు. 1926కు ముందు పరిస్థితి ఇది కాదు. విశాఖపట్నంలో కళాశాల ఉన్నప్పటికీ, పట్టం ఇచ్చే విశ్వవిద్యాలయం దాదాపు 800 కిలోమీటర్ల దూరంలోని మద్రాసులో ఉండేది. పాఠ్యాంశాలను నిర్ణయించేది, పరీక్షలు జరిపేది, ఫలితాలు ప్రకటించేది ఆ నగరమే. ఈ దూరాన్ని తగ్గించడానికి సాగిన కృషిలో ప్రథమంగా స్మరించదగిన వ్యక్తి డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డి. సి.ఆర్.రెడ్డిగా ఆయన లోకప్రసిద్ధులు.

రామలింగారెడ్డి 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరు సమీపంలోని కట్టమంచి గ్రామంలో జన్మించారు. చిత్తూరులో పాఠశాల విద్య ముగించి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. విద్యార్థి దశలోనే కళాశాలలో జరిగిన కవితా పోటీ కోసం 1899లో ‘ముసలమ్మ మరణం’ అనే కావ్యాన్ని రచించి బహుమతి పొందారు. చెరువుకట్ట తెగి ఊరు మునిగిపోయే వేళ, గ్రామాన్ని రక్షించడానికి ప్రాణత్యాగం చేసిన ఒక సామాన్య రైతు కుటుంబపు కోడలి కథ అది. రాజులు, దేవతలు మాత్రమే నాయకులుగా వెలుగొందిన కావ్యలోకంలో పల్లెటూరి స్త్రీని నాయికగా నిలపడం ఆనాటికి కొత్త. ఆధునిక ఖండకావ్యాలకు ఈ రచన దారి చూపిందని విమర్శకులు భావిస్తారు.

1902లో ప్రభుత్వ విద్యార్థి వేతనంపై రెడ్డి ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరారు. చరిత్రలో ప్రథమ శ్రేణి సాధించారు. వాదనా పటిమకు పెట్టింది పేరైన అక్కడి విద్యార్థి సంఘానికి ఉపాధ్యక్షులుగా ఎన్నికయ్యారు. ఆ గౌరవం పొందిన మొదటి భారతీయుడు ఆయనే. పరాధీన దేశం నుండి వచ్చిన యువకుడు పాలకుల గడ్డపై, పాలకుల భాషలో, వారి నడుమనే నాయకుడిగా నిలవడం చిన్న విషయం కాదు.

స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత బరోడా కళాశాలలో పనిచేసి, 1909లో మైసూరు మహారాజా కళాశాలలో చరిత్ర ఆచార్యులుగా చేరారు. అక్కడే ఆయన జీవితం కొత్త మలుపు తిరిగింది. తరగతి గదిలో పాఠం చెప్పడం ఒక విద్య. ఎందరికి, ఎక్కడ, ఏ భాషలో, ఎవరి ఖర్చుతో పాఠం చెప్పాలో నిర్ణయించడం మరొక విద్య. ఈ రెండవదానినే నేడు విద్యా విధానం, విద్యా నాయకత్వం అనే పేర్లతో విశ్వవిద్యాలయాలలో స్నాతకోత్తర స్థాయిలో బోధిస్తున్నారు. రెడ్డి కాలంలో అటువంటి తరగతులు మన దేశంలో లేవు. అందువల్ల ఆయన లోకాన్నే పాఠశాలగా చేసుకున్నారు. అమెరికా, కెనడా, జపాన్, ఫిలిప్పీన్స్ దేశాలలో పర్యటించి, అక్కడి విద్యావ్యవస్థలను పరిశీలించారు. మైసూరు సంస్థానంలో విశ్వవిద్యాలయం నెలకొల్పాలన్న ఆలోచన వచ్చినప్పుడు, ఆచార్య డెన్‌హామ్‌తో పాటు రెడ్డి కూడా ఆ ప్రణాళికలో ముఖ్య భాగస్వామి అయ్యారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది.

1918లో ఆయన మైసూరు విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. అంటరానివారన్న పేరుతో వెలివేయబడిన కుటుంబాల పిల్లలకు ప్రభుత్వ పాఠశాలలలో చోటు ఉండాలన్నది ఆయన నిశ్చయం. పన్నుల ధనంతో నడిచే బడి కొందరికే తెరిచి ఉండడం న్యాయం కాదని ఆయన నమ్మకం. ఉన్నత విద్య గోపురమైతే ప్రాథమిక విద్య పునాది. పునాది లేని గోపురం నిలవదన్న ఎరుక ఆయనకు ఎల్లప్పుడూ ఉండేది.

1921లో ఉద్యోగం వదలి రాజకీయాలలో ప్రవేశించి మద్రాసు శాసనమండలిలో స్థానం పొందారు. తొలుత జస్టిస్ పక్షంలో ఉన్నా, ఆ పక్షంతో విభేదించి బయటకు వచ్చారు. 1923లో పానగల్లు రాజావారి మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టారు. తీర్మానం వీగిపోయింది. అయితే నాయకుని విలువ గెలుపు ఓటములతో తూచదగినది కాదని తరువాతి సంఘటన నిరూపించింది. అదే మంత్రివర్గ కాలంలో, 1926లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం స్థాపితమైనప్పుడు దానికి తొలి ఉపాధ్యక్షులుగా నియమితులైనది రెడ్డిగారే.

విశ్వవిద్యాలయం పుట్టిందే గాని దానికి ఇల్లు లేదు. తాత్కాలికంగా బెజవాడలో కార్యాలయం ఏర్పడింది. శాశ్వత కేంద్రం తమ ఊరిలోనే ఉండాలని బెజవాడ, రాజమహేంద్రవరం, విశాఖపట్నం, అనంతపురం వారు ఎవరికి వారు పట్టుబట్టారు. చర్చలు సంవత్సరాల తరబడి సాగాయి. చివరకు 1930లో కేంద్రం విశాఖపట్నంలోని వాల్తేరుకు తరలింది. సముద్రతీరపు ఎర్రమట్టి మెట్టలు విద్యాపీఠమయ్యాయి. చోడవరం, మాడుగుల, నర్సీపట్నం వంటి మారుమూల ప్రాంతాలకు ఉన్నత విద్య చేరువైంది. కాని రెడ్డిగారి జన్మభూమి అయిన రాయలసీమలో అసంతృప్తి మిగిలిపోయింది. ఒక ప్రాంతానికి మేలు చేసిన నిర్ణయం మరొక ప్రాంతానికి లోటుగా తోచవచ్చు. విద్యా విధానాన్ని రూపొందించేవారికి ఈ చిక్కు నాడూ ఉంది, నేడూ ఉంది.

విశ్వవిద్యాలయం వాల్తేరులో కాలూనుకుంటున్న ఆ 1930లోనే ఉప్పు సత్యాగ్రహం దేశాన్ని కదిలించింది. సత్యాగ్రహులపై ప్రభుత్వం లాఠీలు ఝళిపించింది. వేలాది మందిని చెరసాలలకు పంపింది. రెడ్డిగారి ముందు కఠినమైన పరీక్ష నిలిచింది. పదవిలో కొనసాగితే తాను పెంచుతున్న సంస్థకు భవనాలు, ఆచార్యులు, నిధులు సమకూర్చవచ్చు. కాని దమనకాండ సాగిస్తున్న ప్రభుత్వంతో కలిసి పనిచేయడం ఆయన మనస్సుకు సమ్మతం కాలేదు. నిరసనగా పదవికి రాజీనామా చేశారు. విద్యార్థులకు నీతిని బోధించే స్థానంలో ఉన్నవాడు తన నడవడితోనే దానిని బోధించాలని ఆ చర్య చాటింది.

1931లో డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులై విశ్వవిద్యాలయాన్ని సమర్థంగా నడిపించారు. ఒకరు వేసిన పునాదిపై మరొకరు గోడలు లేపారు. 1936లో రెడ్డిగారు మళ్లీ ఆ పదవికి వచ్చి 1949 వరకు కొనసాగారు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల విరాళంతో విశ్వవిద్యాలయాన్ని ఆదుకున్నారు. విజ్ఞానశాస్త్ర, సాంకేతిక విద్యల కళాశాలకు ఆయన పేరు పెట్టారు. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నంపై జపాను విమానాలు బాంబులు కురిపించాయి. విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించవలసి వచ్చింది. గ్రంథాలు, పరికరాలు, ఆచార్యులు, విద్యార్థులు అందరూ చెదిరే వేళ తరగతులు ఆగిపోకుండా చూడడం సామాన్య కార్యం కాదు. యుద్ధం ముగిశాక విద్యాపీఠం తిరిగి వాల్తేరు చేరింది.

అదే 1942లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు ‘సర్’ బిరుదు ఇచ్చింది. ఆయన దానిని స్వీకరించారు. 1930 నాటి రాజీనామాను, 1942 నాటి బిరుదును పక్కపక్కన పెట్టి చూచేవారికి వైరుధ్యం కనిపించవచ్చు. ఏ పక్షానికీ పూర్తిగా ఒదగని స్వతంత్ర ప్రకృతి ఆయనది. ఆ స్వతంత్రతే ఆయనకు మిత్రులనూ విమర్శకులనూ సమకూర్చింది.

పాలనా వ్యవహారాల నడుమ కూడా రెడ్డిగారు సాహిత్యాన్ని విడువలేదు. 1914లో వెలువడిన ‘కవిత్వతత్త్వ విచారము’ పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని కొత్త చూపుతో పరిశీలించి తెలుగు విమర్శకు బాట వేసింది. అర్థశాస్త్రాన్ని కూడా ఆయన తెలుగులో రచించారు. ఆంగ్లంలో అనర్గళంగా ప్రసంగించగల మేధావి శాస్త్ర విషయాన్ని మాతృభాషలో వ్రాయడం గమనింపదగినది. శాస్త్రం ప్రజల భాషలోకి దిగి వచ్చినప్పుడే అది ప్రజల సొత్తు అవుతుంది.

ఆజన్మ బ్రహ్మచారిగా జీవించిన రెడ్డిగారు 1949లో మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో ఛాన్సలర్ అయ్యారు. తాను ఏర్పాటుకు తోడ్పడిన తొలి విద్యాపీఠానికి సేవ చేస్తూ, 1951 ఫిబ్రవరి 24వ తేదీన పరమపదించారు. ఏలూరులోని సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని స్నాతకోత్సవ మందిరం ఆయన పేరును నిలుపుతున్నాయి.

కాని ఆయనకు నిజమైన స్మారకం రాళ్లతో కట్టినది కాదు. చెరకు తోటల నడుమ పుట్టి, తన ఇంట మొట్టమొదటి పట్టభద్రుడిగా ఆ మందిరపు మెట్లు ఎక్కే విద్యార్థిలో అది ఉంది. చదువుకున్నవాడు తన బతుకు బాగు చేసుకుంటాడు. చదువుకు దారి వేసినవాడు తరతరాల బతుకులను బాగు చేస్తాడు. కట్టమంచి రామలింగారెడ్డి ఆ రెండవ కోవకు చెందిన మహనీయుడు.