జార్జి ఆర్వెల్

ప్రభుత్వము ప్రజలను రక్షించుటకై యేర్పడినది. అట్టి ప్రభుత్వమే ప్రజల మాటను, పాటను, తుదకు తలపును గూడ తన చేతిలో నుంచుకొన నెంచినచో కలుగు విపత్తును కథారూపమున లోకమునకు దెలిపిన ఆంగ్ల రచయిత జార్జి ఆర్వెల్. ఆతని జీవితము విద్యార్థులు తెలిసికొనదగినది. ఏలయన, ఆతడు వ్రాసినదానిలో పెక్కు భాగము స్వానుభవమునుండి పుట్టినదే.

ఆతని అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. 1903వ సంవత్సరము జూన్ 25వ తేదీన మన దేశమునందే, నేటి బీహారు రాష్ట్రములోని మోతీహారి పట్టణమున జన్మించెను. తండ్రి ప్రభుత్వపు నల్లమందు శాఖలో ఉద్యోగి. మరుసటి యేడు తల్లి బిడ్డలను దీసికొని ఇంగ్లండునకు వెడలెను. బాలుడు విద్యార్థివేతనమును సంపాదించి ఈటన్ పాఠశాలలో చదివెను. పిమ్మట విశ్వవిద్యాలయమునకు బోక, 1922లో పోలీసు ఉద్యోగియై బర్మాకు బోయెను.

పరాయి ప్రభుత్వము ప్రజల నెట్లు లోబరచుకొనునో ఆతడచ్చట కన్నులార చూచెను. చూచుటయే కాదు, ఆ ప్రభుత్వమునకు తానే చేయియై పనిచేసెను. ఖైదీల దైన్యము ఆతని మనస్సును కలచివేసెను. 1927లో సెలవుపై స్వదేశమునకు వచ్చినవాడు మరల పోనొల్లక, ఆ యుద్యోగమునకు రాజీనామా నిచ్చెను. ప్రాయశ్చిత్తము చేసికొన్నట్లు పారిస్, లండను నగరములలో నిరుపేదల నడుమ నివసించి, హోటలులో పాత్రలు కడిగి, ఆ యనుభవములను 1933లో గ్రంథముగా ప్రకటించెను. జార్జి ఆర్వెల్ అను కలము పేరు అప్పుడు ధరించినదే.

1936వ సంవత్సరాంతమున స్పెయిను దేశమునకు బోయి, ఫ్రాంకో సైన్యము నెదిరించు దళములలో నొకదానిలో చేరెను. 1937 మే నెలలో తుపాకిగుండు కంఠమునుండి దూసికొనిపోయినను ప్రాణము దక్కెను. అయితే శత్రువు గుండుకంటె స్వపక్షము చేసిన పనియే ఆతని నధికముగా గాయపరచెను. ఆతని దళమువారు ద్రోహులని ముద్రవేసి, ఆ పక్షపు ప్రభుత్వమే వారిని చెరసాలల పాలు చేసెను. ఆతడు భార్యతో గూడ సరిహద్దు దాటి తప్పించుకొనెను. తాను చూచిన సంగతులు పత్రికలలో తలక్రిందులుగా అచ్చగుట గాంచి, అధికారము సత్యమునే మార్చగలదని గ్రహించెను.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1941 మొదలు 1943 వరకు, బి.బి.సి.లో భారతదేశమునకై ప్రసంగములు సిద్ధపరచెను. అచ్చట ప్రతి ప్రసంగమును సెన్సారువారి పరిశీలన కావలసియుండెను. ఆ కొలువు విడిచి యానిమల్ ఫారమ్ అను కథను వ్రాసెను. అందు యజమానిని తరిమిన పశువులన్నియు స్వేచ్ఛాగీతమొకటి పాడుకొనును. పందులు అధికారమునకు వచ్చిన పిమ్మట వాని నాయకుడు ఆ పాటనే నిషేధించును. రష్యా అప్పుడు మిత్రరాజ్యమగుటచే పలువురు ప్రకాశకులు ఆ కథను నిరాకరించిరి. తుదకది 1945 ఆగస్టులో వెలువడెను.

ఆ యేడే భార్య మరణించెను. ఆతడు పెంపుడు కుమారునితో స్కాట్లండునందలి జూరా ద్వీపమున నివసించుచు, క్షయరోగము పీడించుచున్నను పడకపై కూర్చుండి తన కడపటి నవలను టైపు చేసికొనెను. 1984 అను ఆ నవల 1949 జూన్‌లో వెలువడెను. అందలి రాజ్యమున పాత పత్రికలు తిరుగవ్రాయబడును. నిఘంటువునుండి మాటలు తీసివేయబడును. ప్రజల పాటలను యంత్రము కూర్చును. అయినను బట్టలారవేయు నొక సామాన్యస్త్రీ కంఠమున ఆ యంత్రపు పాటయే మధురమై, కథానాయకునకు ఆశను గొల్పును.

1950 జనవరి 21వ తేదీన, తన 46వ యేట, ఆర్వెల్ లండనులో మరణించెను. ఆతని సమాధిపై అసలు పేరే యున్నది. సోవియట్ దేశమున 1984 నవల 1980వ దశకము చివరివరకు బహిరంగముగా అచ్చు కాలేదు.

పరుల నిర్బంధమును ఖండించుటకు ముందు ఆతడు తన చేతిలోని లాఠీని విడిచెను. స్వపక్షము అసత్యమాడినపుడును ఊరకుండలేదు. స్వేచ్ఛను గోరు విద్యార్థులు ఈ రెండు సంగతులను మరువకుందురు గాక.