బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడు

పూర్వము మన పల్లెలలో బిడ్డ యొక యింటివాడు మాత్రమే కాడు, ఊరివాడు కూడ. వీధిలో తప్పు చేసిన బాలుని ఎదురింటి తాత గద్దించినను, పొరుగింటి పెద్దమ్మ చెవి మెలిపెట్టినను కన్నతల్లి తప్పు పట్టెడిది కాదు. వీధిబడిలో పంతులు గోడకుర్చీ వేయించినను, గుంజిళ్లు తీయించినను, తుదకు కోదండము వేసినను తండ్రి యడిగెడివాడు కాడు. కోదండ మనగా నేమో నేటి విద్యార్థులు ఎఱుగరు. దూలమునకు త్రాడు కట్టి, దానినుండి బాలుని వ్రేలాడదీయుటయే కోదండము. ఇట్టి దండనలను 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము పాఠశాలలలో నిషేధించినది. అది మేలే. అయినను ఆ మోటు దండనల వెనుక బిడ్డ అందఱి బాధ్యత యను భావ మొకటి యుండెనని ఒప్పుకొనక తప్పదు.

అయితే ఆ భావమునకు పొలిమేరలు ఉండెను. తల్లిదండ్రులు పోయిన బిడ్డ, అంటరానివాడని వెలివాడలో నుంచబడిన బిడ్డ, కలావంతుల యింట పుట్టిన ఆడుబిడ్డ, వీరు ఆ పొలిమేరకు ఆవల నుండిరి. వారిని గద్దించువారు పెక్కుమంది, పెంచువారు లేరు. అట్టి బిడ్డలు ఎవరివారు? ఈ ప్రశ్నను తన జీవితమంతయు విడువక పట్టుకొనిన మహనీయుడు రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు.

నాయుడుగారు 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యములో సుబేదారు. దండు ఎచ్చటికి కదలిన కుటుంబమును అచ్చటికే కదలెడిది. అందుచే ఈయన బాల్యము తెలుగు నేలకు దూరముగా, ఉత్తర దేశమున గడచెను. చాందాలో అక్షరాభ్యాసము జరిగెను. హిందీ, ఉర్దూ, పారసీ భాషలు ఆ దినములలోనే ఆయనకు పట్టువడెను. తరువాత తండ్రికి హైదరాబాదునకు బదిలీ కాగా, బాలుడు నిజాము ఉన్నత పాఠశాలలో చేరెను. ఇట్లు ఊరూరు తిరుగుచు పెరిగిన బాలునికి తన కులమువారే తనవారను సంకుచితబుద్ధి అలవడుటకు తావు తక్కువ. సైనికుల నివాసములలో ప్రక్కయింటివాని భాష వేఱు, మతము వేఱు. అయినను పిల్లలందఱు కలసియే యాడుకొందురు గదా!

ఉన్నత విద్యకై ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో ప్రవేశించిరి. ఆ కళాశాలకు అప్పుడు విలియం మిల్లరు అను స్కాట్లండు దేశీయుడు అధ్యక్షుడు. పాఠము చెప్పుటతో గురువు పని ముగియదని, విద్యార్థి యెచ్చట నుండుచున్నాడో, ఏమి తినుచున్నాడో, ఎవరితో తిరుగుచున్నాడో గురువు కనిపెట్టవలెనని మిల్లరు అభిప్రాయము. విద్యార్థి వసతిగృహములను నెలకొల్పుటలో ఆయన దక్షిణదేశమున మార్గదర్శి. ఈ గురువు ప్రభావము నాయుడుగారిపై గాఢముగా పడెను. ఆయన మతము నీయన స్వీకరింపలేదు. ఆయన పద్ధతిని మాత్రము స్వీకరించిరి. మతవిషయమున నాయుడుగారి మనస్సు బ్రహ్మసమాజమువైపు మొగ్గెను. దేవు డొక్కడే యైనచో ఆయన బిడ్డలలో హెచ్చుతగ్గులు ఎట్లుండునను విశ్వాసము ఆయనకు అక్కడ దృఢపడెను.

ముప్పది యేండ్లు నిండకమునుపే నాయుడుగారికి భార్యావియోగము కలిగెను. మఱల వివాహమాడుమని బంధువులు పలుకుట ఆ కాలమున సహజము. ఆయన వివాహమాడలేదు. నాటినుండి తెల్లని వస్త్రములే ధరించి, నియమముతో జీవించిరి. తెల్లని తలపాగ, తెల్లని పొడుగు అంగీ, తరువాతి కాలమున తెల్లని గడ్డము, ఇదియే ఆంధ్రులకు పరిచితమైన ఆయన రూపము. సొంత సంసారము లేనివారికి ఊరి సంసారమెల్ల మీద పడునందురు. నాయుడుగారి విషయమున అది అక్షరాల జరిగెను.

మచిలీపట్టణపు నోబుల్ కళాశాలలో ఆయన ఆంగ్లోపన్యాసకులుగా పనిచేసిన కాలముననే తొలి పోరాటము తలయెత్తెను. ఆ దినములలో పెండ్లియైనను, ఒడుగైనను, దొరలకు విందైనను, భోగముమేళము లేనిదే వేడుక కాదు. మేజువాణి పెట్టించనివాడు పిసినారి యని లోక మాడిపోసికొనెడిది. తండ్రులు తమ కుమారులను ప్రక్కన కూర్చుండబెట్టుకొనియే ఆ సభలలో కాలము గడపెడివారు. ఇంటిలో నీతిశతకము వల్లింపజేసి, సాయంకాలము చేయి పట్టుకొని మేజువాణికి తీసికొనిపోయిన తండ్రి తన బిడ్డకు నిజముగా నేర్పిన దేమి? నాయుడుగారి తర్క మిది. బాలుని శీలము చెడినప్పుడు బాలుని దండించుట తేలిక. ఆ శీలమును చెఱచిన పెద్దలను ప్రశ్నించుట కష్టము. ఆయన కష్టమైన పనికే పూనుకొనిరి. భోగముమేళములు జరుగుచోటికి పోమని విద్యార్థులచే, యువకులచే ప్రతిజ్ఞలు చేయించిరి. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఇదే యుద్యమమును తన కలముతో నడపుచుండిరి. పంతులుగారు వ్రాతచే జయించిన చోట్లు కొన్ని; నాయుడుగారు వాక్కుచే జయించిన చోట్లు కొన్ని. ఆంగ్లమున ఆయన వాగ్ధాటికి ఆంగ్లేయులే ఆశ్చర్యపడెడివారు.

ఇచ్చట నొక మాట చెప్పవలసియున్నది. ఈ యుద్యమముచే కలావంతుల స్త్రీలకు జీవనాధారము పోయినదనియు, తరతరములుగా వారు కాపాడిన సంగీత నృత్య కళలు క్షీణించినవనియు నేటి పరిశోధకులు చెప్పుచున్నారు. అందు సత్యము కలదు. మేజువాణి మానుమని పెద్దలకు బోధించుట సులభమే. ఆ యింట పుట్టిన బాలిక రేపు ఎట్లు బ్రతుకునో చూచుట ఎవరి పని? సంస్కర్తలలో పెక్కుమంది ఈ రెండవ ప్రశ్నను స్పృశింపకయే విడిచిరి. నాయుడుగారు విడువలేదు. అట్టి బాలికలను చేరదీసి, చదువు చెప్పించి, కొందఱకు వివాహములు చేయించుటకు ఆయన తన గృహద్వారమునే తెఱచిరి. అది చాలినంత పని యని చెప్పలేము. కాని మాటతో ఆగినవారి నడుమ ఆ మాత్రము చేసినవారు అరుదు.

1899లో నాయుడుగారు సికిందరాబాదులోని మహబూబు కళాశాలకు అధ్యక్షులై వచ్చిరి. 1862లో, అనగా ఆయన పుట్టిన యేటనే, సోమసుందర మొదలియారుగారు నెలకొల్పిన విద్యాలయ మది. 1893లో స్వామి వివేకానందుడు అమెరికాకు పోవుటకు ముందు ఉపన్యసించినది కూడ అచ్చటనే. బాల్యమున తాను చదివిన నగరమునకు చేరువలో, అయిదేండ్ల కాలము ఆయన గురుపీఠమున నుండిరి. ఆనాడు ఉత్తరమున మేడ్చలు, దుండిగల్లు ప్రాంతములన్నియు చెఱువులు, జొన్నచేలు గల పల్లెలు. ఇప్పుడు ఆ దుండిగల్లులోనే భారత వైమానిక దళ శిక్షణాలయ మున్నది. దేశపు నలుమూలలనుండి వచ్చిన యువతీయువకులు ఇల్లు విడిచి అచ్చట క్రమశిక్షణ నేర్చుకొనుచున్నారు. కన్నవారు కొంతవఱకు పెంచి, తరువాత బిడ్డను పదిమంది చేతిలో పెట్టుట మనకు నేడు వింతగా తోచదు. నాయుడుగారి కాలమున నది వింతయే.

1904లో కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు ఆయన అధ్యక్షులైరి. 1919 వఱకు సాగిన ఈ పదునైదేండ్లే ఆయన జీవితమున పండిన కాలము. పిఠాపురము మహారాజు సూర్యారావు బహద్దరుగారు నాయుడుగారిని గురువుగా భావించెడివారు. గురువునకు బుద్ధి, శిష్యునకు ధనము. రెండును కలసినచో జరుగని పని యేమున్నది? బీద విద్యార్థులకు జీతములు, భోజనము, పుస్తకములు సమకూడెను. రాజావారి ద్రవ్యము వచ్చుటకు ముందును, వచ్చిన తరువాతను, నాయుడుగారి సొంత జీతములో అధికభాగము విద్యార్థుల జీతములకే వ్యయమయ్యెడిది. నెలాఖరునకు ఆయన చేతిలో మిగిలినది స్వల్పము.

కళాశాల ద్వారమును ఆయన బాలికలకు తెఱచిరి. బాలురతో కలసి బాలికలు చదువుటయా యని ఊరు ముక్కున వ్రేలు వేసికొనెను. నాడు పంచములని పిలువబడిన కులముల విద్యార్థులను చేర్చుకొనిరి. వారికై వసతిగృహము నెలకొల్పిరి. దిక్కులేని పిల్లలకై రాజావారి సాయముతో అనాథశరణాలయము ఏర్పడెను. ఆయన యింటిలోనే కొందఱు అనాథ బాలబాలికలు సొంత బిడ్డలవలె పెరిగిరి. వారి కుల మేది యని ఆ యింట అడుగువారు లేరు. ఒక పంక్తిలో భోజనము, ఒక ప్రార్థన, ఒక చదువు. చదువరులారా, ఇది నేడు మీకు సామాన్యముగా కనబడవచ్చును. బావిలో చేద వేయుటకే కులము అడుగు దినములలో ఒక కళాశాలాధ్యక్షుడు ఇట్టి సంసారము నడపుట యెంతటి సాహసమో ఊహించి చూడుడు.

ఈ పనికి ఎదురు లేకపోలేదు. ఎదురు చెప్పినవారందఱు దుర్మార్గులును కారు. కొడుకును ఇంగ్లీషు చదువునకై పొలము అమ్మి కాకినాడకు పంపిన తండ్రి నొకనిని తలచుకొనుడు. సెలవులకు ఇల్లు చేరిన కుమారుడు కులభేదము తప్పనును; విగ్రహారాధనము వలదనును; బాలవితంతువును వివాహమాడెద ననును. ఆ విధముగా బ్రహ్మసమాజమున చేరిన యువకులు నిజముగా ఉండిరి. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి, రచయిత చలము మొదలగువారు ఆ కళాశాల వాతావరణమున ప్రభావితులైనవారే. అట్టి యిండ్లలో తల్లి కన్నీరు పెట్టుకొనుట, బంధువులు వెలివేయుదుమని బెదరించుట జరిగెడిది. మా బిడ్డను మాకు కాకుండ చేయుటకు ఈ గురువునకు అధికార మెవరిచ్చిరని వారి ఆక్రోశము. ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. పురాతన గ్రీసు దేశపు స్పార్టా నగరమున ఏడేండ్లు నిండిన బాలుని ఇల్లు విడిపించి, రాజ్యమే పెంచెడిది; వారు వీరులైరి గాని ఆ రాజ్యము కరకు రాజ్యమాయెను. బిడ్డపై పరులకు గల హక్కునకు హద్దు లేకపోయిన అట్టిది సంభవించును.

నాయుడుగారు ఆ హద్దు ఎఱుగనివారని నేను తలపను. ఇల్లు గల బాలుని ఆయన ఇంటినుండి లాగలేదు. వానికి నేర్పవలసినది నేర్పి, ఆలోచనను వానికే విడిచిరి. ఇల్లులేని బాలునికి మాత్రము ఇల్లయిరి. అయినను గురువు మాట శిష్యునిపై ఎంత బలముగా పనిచేయునో, అంతటి వక్తకు తెలియకపోలేదు. కొన్ని కుటుంబములు నొచ్చుకొన్న మాట వాస్తవము. కొడుకు మారినందుకు నొచ్చిన తండ్రి కష్టమునకును, ఎవరును పట్టించుకొనక పోయినందున వీధిలో నశించిన బిడ్డ కష్టమునకును తూనిక వేసి చూచిన, ఏది బరువో ఎవరికి వారే నిర్ణయించుకొనవచ్చును.

విద్యార్థులు, ప్రజలు ఆయనను కులపతి యని పిలిచిరి. ఈ పదమునకు పూర్వులు చెప్పిన యర్థము మిక్కిలి లోతైనది. పదివేలమంది శిష్యులకు అన్నముపెట్టి, పోషించి, విద్యచెప్పిన ఋషి కులపతి. ఆ నిర్వచనమున అన్నము ముందు, చదువు తరువాత. బ్రహ్మర్షి యను బిరుదము కూడ ఆయనకు వాడుకగా వచ్చెను.

అటుపిమ్మట గౌరవములు వరుసగా వచ్చెను. 1923లో కాకినాడలో జరిగిన అఖిల భారత ఆస్తిక మహాసభకు ఆయన అధ్యక్షత వహించిరి. 1924లో ప్రభుత్వము సర్ బిరుదము నిచ్చెను. 1925 నుండి 1928 వఱకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. 1927లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గౌరవ డాక్టరు పట్టము నొసగెను. పదవి మారినను వస్త్రము మారలేదు, ఇంటిలోని పంక్తి తఱుగలేదు.

1939వ సంవత్సరము మే 26వ తేదీన నాయుడుగారు పరమపదించిరి. దేవదాసీ దురాచారమును నిషేధించు చట్టము మద్రాసు రాష్ట్రమున వచ్చినది 1947లో. అస్పృశ్యతను రద్దుచేసిన రాజ్యాంగము అమలునకు వచ్చినది 1950లో. ఆ రెండింటిని ఆయన చూడలేదు. ఆయన యింట పెరిగిన తొలితరము పిల్లలు అప్పటికి పెద్దవారై యుండిరి.