నిడుబ్రోలు ఆచార్యుడు

గుంటూరు మండలమందలి నిడుబ్రోలు గ్రామమున 1900 నవంబరు 7వ తేదీన ఒక రైతుకుటుంబమున గోగినేని రంగనాయకులు జన్మించెను. సీమకేగి ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము నభ్యసించి, తిరిగివచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యుడయ్యెను. ఆ కొలువు కొలదికాలమే యైనను ఆచార్య శబ్దము మాత్రము తుదివఱకు ఆయన పేరును విడువలేదు.

ఆయన అర్థశాస్త్రము పుస్తకములతో తీరినది కాదు. డెల్టా గ్రామముల సేద్యపు ఖర్చులు, కూలిరేట్లు, అప్పులు విచారించి ఆంగ్లమున గ్రంథము వెలువరించెను. రైతునకు దున్నుట, విత్తుట ఒకరు నేర్పనక్కఱలేదు. పంట యింటికి వచ్చిన పిమ్మట జరుగు వ్యవహారమే ఆతనికి తెలియనిదని ఆయన గ్రహించెను. పెట్టుబడికి తెచ్చిన అప్పు కారణముగా మిరపయైనను పత్తియైనను అప్పిచ్చినవానికే, ఆతడు చెప్పిన ధరకే వేయవలసివచ్చెడిది. పట్టాలో తన పేరెక్కడ నున్నదో చదువుకొనలేని పట్టాదారుని సంగతి చెప్పనేల!

1930లో స్వాతంత్ర్యోద్యమమున ప్రవేశించిన ఆచార్యుడు 1933-34 ప్రాంతమున స్వగ్రామముననే రైతు విద్యాలయమును నెలకొల్పెను. అది నాగలి పట్టించు బడి గాదు. రైతుబిడ్డలకు అర్థశాస్త్రము, రాజకీయము, రైతూద్యమ చరిత్ర బోధించి, పల్లెలకు కార్యకర్తలుగా పంపుటకై యేర్పడినది. 1936లో లక్నోయందు అఖిల భారత కిసాన్ సభ యేర్పడగా దానికి ఆయనయే ప్రధాన కార్యదర్శి. ఇంటి మంచినీటి బావిని 1923లోనే హరిజనులకు తెఱచినవాడు. హరిజన నాయకుడను నవలయు వ్రాసెను. అయినను ఆ బడి ప్రధానముగా భూమిగల రైతు పక్షముననే నిలిచినదన్న విమర్శ కలదు. అది త్రోసివేయదగినది కాదు. కూలివానికిని లెక్క తెలియవలయును గదా.

1959లో సహకార సేద్యమును వ్యతిరేకించి కాంగ్రెసును వీడి, స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యెను. చట్టసభలలో దాదాపు అర్ధశతాబ్దము కూర్చుండెను. 1995లో పరమపదించెను.

గుంటూరు చెంత లాం గ్రామమున 1922 నుండియు ప్రభుత్వ క్షేత్రమొకటి కలదు. పత్తి, మిరప వంగడములకు అది ప్రసిద్ధి. అచ్చట నేర్పునది విత్తనపు విద్య. నిడుబ్రోలులో నేర్పినది లెక్కల విద్య. ఒకటి లేక రెండవది కుంటిదే. 2020లో ఆంధ్రదేశపు పల్లెలలో వెలసిన రైతు భరోసా కేంద్రములందు తెరను తాకి విత్తనములు, ఎఱువులు కోరుకొను యంత్రములు వచ్చినవి. ఆ తెరను చదువగలుగుటయు లెక్కల విద్యలోనిదే.

1964లో హైదరాబాదున స్థాపితమైన వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు 1996లో రంగాగారి పేరు పెట్టిరి. 2014లో రాష్ట్రము విడివడిన పిమ్మట ఆ పేరుతోనే విశ్వవిద్యాలయము లాం గ్రామమునకు తరలివచ్చెను.